ప్లాస్టిక్ విప్పని సోఫా

జొహానెస్‌బర్గ్,
20 జూన్ 1999

అక్కా,

నీ ఉత్తరం అందింది. రెండు పేజీల నిండా మీ వీధిలో టెలిఫోన్ తీగలు కోసుకుపోయిన దొంగల్ని తిట్టి, సంతకం పెట్టబోతూ గుర్తొచ్చినట్టు బావ పడుకోలేకపోతున్నారని రాశావు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడటం లేదని, భోజనాల బల్ల దగ్గరి చెక్క కుర్చీలో దిండ్లు పేర్చుకుని కూర్చునే నిద్రపోతున్నారని. ఎన్నాళ్ళ నుంచి అక్కా? మొదటి పేజీలో రాయాల్సిన మాట కాదా ఇది?

సరే, తిట్టడానికి రాయడం లేదు. బావకి సోఫా కొన్నాను. పక్కనున్న మీట లాగితే వీపు సగం దాకా వాలి అక్కడ ఆగుతుంది, కాళ్ళ కింద పీట లేస్తుంది. డాక్టరు చెప్పినట్టు తల, వీపు ఎత్తుగా పెట్టుకుని నిద్రపోవచ్చు. ఎక్కడ కొన్నావంటావేమో, కంప్యూటర్లో కొన్నాను. నవ్వకు. రెండువేల సంవత్సరం వస్తే బ్యాంకు కంప్యూటర్లకి పిచ్చెక్కకుండా చూడటం కదా నా ఉద్యోగం. భోజనం వేళలో అదే కంప్యూటర్లో బొమ్మ చూసి, రంగు ఎంచుకుని, టోంగాట్‌లో మీ ఇంటి చిరునామా కొట్టాను. అంతే. దుకాణం మొహం చూడలేదు.

ఒక్కటి గుర్తుపెట్టుకో. తెచ్చినవాళ్ళు నీ ఎదురుగా విప్పి, వాల్చి, లేపి చూపించాలి. అప్పుడు నువ్వు సంతకం పెట్టాలి. ఆ తర్వాత ఏడు రోజుల్లోపల నేను ఇక్కడ కంప్యూటర్లో బాగుందనో బాగాలేదనో చెప్పాలి. బాగాలేదంటే మారుమాట లేకుండా వేరేది ఇస్తారు. అందుకని సోఫా రాగానే, ఆ రోజే ఉత్తరం పడెయ్యి. తీగల దొంగల సంగతి తర్వాత రాద్దువుగాని.

బావతో చెప్పు, ఆయన చెక్క సింహాసనానికి ఇక సెలవని.

నీ తమ్ముడు,
రాఘవ్

*

టోంగాట్,
28 జూన్ 1999

రాఘవా,

నువ్వు చల్లగా ఉండాలి. కానీ చూడకుండా, తట్టకుండా సోఫా కొనేవాణ్ణి నిన్నే చూశాను. నాన్న మంచం కొనడానికి వెళ్తే నాలుగు కోళ్ళూ ఊపి, మీదెక్కి పడుకుని, దుకాణంవాడు లేపితే గాని లేచేవాడు కాదు. ఆయన కడుపున పుట్టి నువ్వు బొమ్మ చూసి కొన్నావు.

పక్కింటి రమణమ్మగారికి చెప్పాను. ఆవిడ గుర్తుంది కదా, తాతలు చెరుకు కొట్టడానికి ఓడెక్కి వచ్చారు. పిల్లలకి తెలుగు ముక్క రాదు, ఆవిడ నోట వచ్చే తెలుగు మన వైపు ముసలమ్మలే మరిచిపోయారు. “కంప్యూటర్ల సోఫా దొరుకుతాదా అమ్మాయే? అయితే మా కామిషాకి మొగుడు గూడ దొరుకుతాడేమో సూడమను నీ తమ్ముణ్ణి,” అంది. మీ బావ ఎంత నవ్వారంటే ఆయాసం వచ్చి పావుగంట కూర్చోబెట్టాల్సొచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో నవ్వుకి కూడా లెక్క ఉంది.

ఆయన సంగతి మొదటి పేజీలో ఎందుకు రాయలేదంటావు. రాస్తే నిజమైపోతుందేమోనని. గుండె బలం తగ్గిందని, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందని డాక్టరు అన్నాడు. మాత్ర వేసుకుంటే కాస్త తగ్గుతుంది, మళ్ళీ మొదలు. చక్కెర మిల్లులో ఆయన పని చేసే ప్రయోగశాలకి ఇంకొకర్ని పెట్టుకున్నారు. సెలవు ఇచ్చిన రోజే సెల్ ఫోన్ కూడా పట్టుకుపోయారు.

పోయినేడు మూఢంలో ఈ ఇంట్లో దిగాం. నాలుగు రోజులు ఆగుదామంటే, కంపెనీ లారీ ఈ రోజే వచ్చింది, ఏం చేస్తాం అన్నారు మీ బావ. నెల తిరక్కముందే ఆయన కాళ్ళు వాచాయి. నువ్వు నవ్వుతావు, నాకు తెలుసు. నవ్వుకో.

అక్క,
రత్న

*

టోంగాట్,
17 జూలై 1999

రాఘవా,

నిన్న సోఫా వచ్చింది. ట్రెవర్ అని డ్రైవరు, ఇంకొకతను మోసుకొచ్చి ముందుగదిలో కిటికీ కింద పెట్టి వెళ్ళారు. ముదురు నీలం. మన ఇంట్లో ఇంత మంచి వస్తువు ఎప్పుడూ లేదు. సంతకం కూడా పెట్టేశాను.

కోతకి ముందు చెరుకు తోటలు తగలబెట్టే రోజులివి. నల్లటి నుసి కిటికీ సందుల్లోంచి వచ్చి, ఆరేసిన బట్టల మీదా అన్నం గిన్నెల మీదా పడుతోంది. అందుకని ప్లాస్టిక్ తియ్యకుండా అలాగే ఉంచాను. రమణమ్మగారింట్లో ఎనిమిదేళ్ళ నుంచి సోఫాలకి ప్లాస్టిక్ ఉంది, కొత్త వాటిలాగే ఉన్నాయి.

మీ బావ దాన్ని చూసి తెగ మురిసిపోతున్నారు. వచ్చినవాళ్ళందరికీ చూపించి, బావమరిది కంప్యూటర్లో కొన్నాడని చెప్పుకుంటున్నారు. కాళ్ళ వాపు అలాగే ఉంది. రెండోతారీఖున మళ్ళీ డాక్టరు దగ్గరికి.

పోస్టు వేళవుతోంది, ఆపుతున్నాను.

అక్క,
రత్న

*

జొహానెస్‌బర్గ్,
22 జూలై 1999

అక్కా,

నీ ఉత్తరం ఇవాళే వచ్చింది. గడువు రేపటితో సరి. పరుగెత్తుకెళ్ళి కంప్యూటర్లో, బాగుంది, వాడుతున్నారు అని నొక్కేశాను. వాళ్ళు వెంటనే ధన్యవాదాలు కూడా పంపారు.

అక్కా, ఆ ప్లాస్టిక్ తీసెయ్యి. దాని మీద పడుకుంటే వీపంతా చెమట. నుసి పడితే పడనీ, తుడుచుకోవచ్చు. మీట లాగితే వీపు మూడో మెట్టు దాకా వాలుతుంది, బావకి రెండోది చాలనుకుంటాను. ఆయనకి ఏ మెట్టు బాగుందో రాయమను. తన చేత్తో రెండు ముక్కలు రాయమని చెప్పు, ఆయన రాత చూసి చాలా రోజులైంది.

నిజం చెప్పనా. బావ ఎన్నాళ్ళకో కాళ్ళు చాపుకుని నిద్రపోయుంటారని తలుచుకుంటే కడుపు నిండినట్టుంది. నా జీతంతో చేసిన మంచి పని ఇదొక్కటే అనిపిస్తోంది. మన రాజమండ్రి మేనత్తకి కూడా ఫోన్ చేసి గొప్పలు చెప్పుకున్నాను.

నీ తమ్ముడు,
రాఘవ్

*

టోంగాట్,
3 ఆగస్టు 1999

రాఘవా,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. నాలుగుసార్లు కాగితం తీసి మళ్ళీ పెట్టేశాను. ఇప్పుడు రాసేది పూర్తిగా చదివి, తర్వాత కోప్పడు.

సోఫా మీద మీ బావ ఇంకా కూర్చోలేదు. అది వచ్చిన నాటికి ఆషాఢం మొదలై రెండు రోజులైంది. జబ్బు మనిషికి వేసే పక్క అది. మంచిరోజు చూడకుండా ఎలా వెయ్యను? పదకొండున అమావాస్య, గ్రహణం కూడాను. మన వైపు సంపూర్ణంగా కనబడుతుందట, ఇక్కడ కనబడదులే. పదమూడున శ్రావణ శుక్రవారం. ఆ రోజు పూజ చేసి, ప్లాస్టిక్ విప్పి, ఆయన్ని కూర్చోబెడతాను. ఇంక పదిరోజులే.

నేను అబద్ధం రాయలేదు. బాగుందన్నాను, బాగుంది. మురిసిపోతున్నారన్నాను, ఆయన కుర్చీలో కూర్చుని ఎదురుగా దాన్ని చూస్తూనే ఉంటారు. వాడుతున్నామని నేను ఎక్కడా రాయలేదు. నువ్వు అలా అనుకుంటావని తెలిసీ రాయలేదు, అదే నా తప్పు.

రమణమ్మగారు కూడా చీవాట్లు పెట్టింది. “మా ఇంట్ల గూడ పలాస్టిక్ ఉంటాది అమ్మాయే. గానీ మేం దాని మీన కూకుంటాం!” అని. ఆవిడకి ఆషాఢం అంటే తెలీదు. వాళ్ళు ఓడలో తెచ్చుకున్నవాటిలో పంచాంగం ఉన్నట్టు లేదు.

రెండోతారీఖున డాక్టరు మాత్ర పెంచాడు. ఇప్పుడు మోకాళ్ళ దాకా వాపు. నాకు భయంగా ఉంది రాఘవా. భయపడే చేస్తున్నాను ఇదంతా. పోయినేడు ఆయన మాట విని మూఢంలో దిగాను. ఈసారి నా మాట వినమన్నాను.

కోప్పడకు.

అక్క,
రత్న

*

జొహానెస్‌బర్గ్,
9 ఆగస్టు 1999

అక్కా,

కోప్పడకు అన్నావు. నాకు ఒళ్ళు మండిపోతోంది.

ఊపిరాడని మనిషిని చెక్క కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా సోఫాకి ప్లాస్టిక్ కట్టి చూపిస్తున్నావా? మూడున్నర వారాలు! ఇక్కడ చలికాలం అక్కా. మన ఆషాఢానికి వానలు, వరినాట్లు. ఇక్కడి ఆకాశంలో కనబడని గ్రహణానికి కూడా నువ్వు లెక్క చూసుకుంటున్నావు. ఎమ్మెస్సీ చదివావు. పిల్లలకి లెక్కలు చెప్పావు.

ఇంకో మాట. నేను వాళ్ళకి బాగుంది, వాడుతున్నారు అని చెప్పేశాను. గడువు దాటిపోయింది. ఇప్పుడు ఏ తేడా ఉన్నా మనదే బాధ్యత. తెచ్చినవాళ్ళు విప్పి చూపించారు కదా? చూపించాకే నువ్వు సంతకం పెట్టావు కదా? మళ్ళీ చుట్టించి ఉంటావు, అంతే కదా? నాకు నీ మాట మీద నమ్మకం పోతోంది.

ఈ ఉత్తరం అందిన నిమిషంలో కత్తెర తీసుకుని ఆ ప్లాస్టిక్ కొయ్యి. శుక్రవారమా శనివారమా చూడకు. ఈలోగా బావకేమైనా అయితే నన్నడగకు, నీ పంచాంగాన్ని అడుగు.

రాఘవ్

*

జొహానెస్‌బర్గ్,
22 ఆగస్టు 1999

అక్కా,

నాలుగు రోజులు నీ ఇంట్లో ఉన్నాను. నీతో నాలుగు మాటలు మాట్లాడలేదు. జనం, వంటలు, పంతులుగారు, మిల్లు నుంచి వచ్చేవాళ్ళు. ఆ సందడి లేకపోయినా మాట్లాడేవాణ్ణి కాదేమో.

సోమవారం పోస్టతను వచ్చినప్పుడు గేటు దగ్గర నేనే ఉన్నాను. పై కవరు మీద నా రాత నేనే గుర్తుపట్టాను. తొమ్మిదోతారీఖున రాసి పదిన పడేసింది, బావ పోయిన మూడో రోజున వచ్చింది. జేబులో పెట్టేసుకుందామనుకున్నాను. నువ్వు గుమ్మంలోంచి చెయ్యి చాపావు. ఇచ్చేశాను. ఇవ్వకుండా ఉండాల్సింది. నువ్వు అక్కడే నిలబడి చదివావు, మడిచి కొంగున కట్టుకుని లోపలికెళ్ళి కాఫీలు కలిపావు. ఆ చివరి వాక్యం రాసిన చెయ్యి నరుక్కోవాలనిపించింది. క్షమించు అక్కా. అంతకంటే ఏం రాయాలో తెలీదు.

నేను వచ్చేసరికి ముందుగది ఖాళీగా ఉంది. చావింట్లో కుర్చీలూ బల్లలూ బయట పెట్టి, శవాన్ని ఆ గదిలో ఉంచడం అక్కడివాళ్ళ పద్ధతని రమణమ్మగారి కొడుకు, ఆస్పత్రి నుంచి నాకు ఫోన్ చేసిన ప్రెగ్గీ చెప్పాడు. సోఫా కారు షెడ్డులో ఉంది. ప్లాస్టిక్ లేదు. కాలికి పసుపు, కుంకుమ బొట్టు ఉన్నాయి. అంటే శుక్రవారం నువ్వు అనుకున్నట్టే విప్పావన్నమాట.

గుండె ఆగిపోయిందని నువ్వు అందరికీ చెప్పావు. నేనూ ఇంకేమీ అడగలేదు. ఇప్పుడు ఒక్కటే అడుగుతాను. ఆ రోజు బావ దాని మీద ఎంతసేపున్నారు? కాస్తయినా కునుకు తీశారా? ఒక గంట హాయిగా పడుకున్నారని రాయి, చాలు. ఆ గంట పట్టుకుని బతికేస్తాను.

నీ తమ్ముడు,
రాఘవ్

*

టోంగాట్,
29 ఆగస్టు 1999

రాఘవా,

నీ ఉత్తరం గురించి బాధపడకు. నన్ను ఎవరో ఒకరు అనాల్సిందే. ఇంతమంది వచ్చారు, అందరూ ఓదార్చేవాళ్ళే. నువ్వొక్కడివే అన్నావు.

గంట పడుకున్నారని రాయమన్నావు. రాయాలనే కూర్చున్నాను. మళ్ళీ బాగుంది, మురిసిపోతున్నారు అని రాసే దాన్ని కాదిక.

ఆ రోజు పొద్దున్నే తలంటుకుని పూజ చేశాను. పరమాన్నం వండాను. సోఫా కాలికి పసుపు రాసి బొట్టు పెట్టాను. మీ బావ ఉతికిన చొక్కా వేసుకుని పెళ్ళికొడుకులా కుర్చీలో కూర్చున్నారు. ప్లాస్టిక్ నేనే కోశాను. ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాను. “అబ్బ, ఎంత మెత్తగా ఉందే,” అన్నారు. తల వెనక్కి ఆనించి కళ్ళు మూసుకున్నారు. ఇక వాల్చు అన్నారు.

నేను మీట లాగాను. రెండో మెట్టు దగ్గర ఆగుతుందన్నావు కదా. ఏ మెట్టు దగ్గరా ఆగలేదు. వీపు ఒక్కసారిగా నేల దాకా పోయింది. ఆయన తల కిందికి, కాళ్ళు పైకి. లేపబోయాను. నీరు పట్టిన ఒళ్ళు, బరువు. చేతులు జారిపోతున్నాయి. ఆయన నోరు తెరిచి నా వైపే చూస్తున్నారు, మాట రావడం లేదు. చంకల కింద చేతులు పెట్టి జానెడు లేపుతాను, మళ్ళీ జారతారు. ప్రెగ్గీ నా కేకలు విని గోడ దూకి వచ్చాడు. ఇద్దరం కలిసి కూర్చోబెట్టాం. ప్రెగ్గీ తన బక్కీ ట్రక్కు వెనక పరుపు వేసి, ఆయన్ని నాకు ఆనించి కూర్చోబెట్టి ఆస్పత్రికి తోలాడు. దారిలో నా భుజం మీద తల బరువెక్కింది. అక్కడ డాక్టరు గుండె ఆగిపోయిందన్నాడు. అదే అందరికీ చెప్పాను. అది నిజమే కదా.

నువ్వు వెళ్ళిన మర్నాడు ప్రెగ్గీ షెడ్డులో సోఫాని తిరగేసి చూశాడు. మిల్లులో ఫిట్టరు కదా, చూస్తూనే తెలిసిపోయింది. వీపుని పట్టి ఉంచే ఇనప కమ్మీకి రెండు వైపులా బోల్టులుండాలి. ఎడమ వైపు ఉంది. కుడి వైపు చిల్లు ఖాళీ. బిగించడమే మరిచిపోయారు. ప్రెగ్గీ తన రేకు డబ్బాలోంచి ఒక బోల్టు తీసి బిగించాడు. తను ఎక్కి పడుకుని చూశాడు. ఆగింది. పది నిమిషాలు పట్టలేదు రాఘవా. పది నిమిషాల పని చేసేవాడు నెల రోజులు గోడవతల ఉన్నాడు.

ఇంక నువ్వు అడిగినదానికి జవాబు. ట్రెవర్ విప్పి చూపించలేదు. చూపిస్తాననే అన్నాడు. విప్పి, వాల్చి చూపించాకే సంతకం తీసుకోవాలి, అది మా రూలు అన్నాడు. కత్తి కూడా తీశాడు. నేను అడ్డం నిలబడ్డాను. మాకు ఇప్పుడు మంచిరోజులు కావు, విప్పకూడదు అన్నాను. అతను తల గీరుకున్నాడు. అయితే చూశామని సంతకం పెట్టండి, లేకపోతే వెనక్కి పట్టుకెళ్ళాలి అన్నాడు. పెట్టాను. విప్పి ఉంటే ఆ చిల్లు అతనికి కనబడేది.

సోఫా కంపెనీ మీదికి వెళ్ళొద్దని నేను అనను. బోల్టు మరిచినవాడు ఎక్కడో ఉన్నాడు, వాడికి తెలియాలి. కానీ వాళ్ళు నా సంతకం చూపిస్తారు, నువ్వు కంప్యూటర్లో నొక్కింది చూపిస్తారు. నీ చేత అది నొక్కించింది నేను. ఆ సంగతి నువ్వు ఎప్పుడూ నీ మీద వేసుకోకు.

నిన్న రమణమ్మగారు వచ్చి షెడ్డులో ఆ సోఫా మీదే కూర్చుంది. నన్నూ రమ్మంది. వెళ్ళలేదు. “అమ్మాయే, సెడ్డది సోఫా కాదే. నువ్వూ కాదు. దినం సెడ్డది,” అంది. దినం మంచిదేనమ్మా, పంచాంగం చూసి మరీ పెట్టాను అన్నాను. ఆవిడ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు.

ఇంకొకటి ఉంది. అది చెప్పడానికే ఇంత రాశాను. మీ బావ చేత రెండు ముక్కలు రాయించమన్నావు కదా. నీ ఉత్తరం అందిన రోజే రాశారు. కవరులో పెట్టమని నాకిచ్చారు. నేను చదివాను. నువ్వు తిడతావని, నీ ముందు చులకనైపోతానని పంచాంగంలో పెట్టి ఉంచాను. మూడోతారీఖు ఉత్తరంలో కూడా పెట్టలేదు. శ్రావణం వచ్చాక పంపుదామనుకున్నాను. దీంతో పంపుతున్నాను. నాకు తిరిగి పంపకు. నీ దగ్గరే ఉంచుకో.

అక్క

*

27 జూలై

చి. రాఘవ్‌కి,

నీ సోఫా చాలా బాగుంది. ఇంతవరకు కళ్ళతోనే వాడుతున్నాను. మీ అక్క నీకు చెప్పినట్టు లేదు, ప్లాస్టిక్ ఇంకా విప్పలేదు. ఆషాఢమట. నేనే విప్పుదామంటే ఇంట్లో కత్తెరలు రెండూ దాచేసింది.

నేను గట్టిగా చెప్పలేకపోతున్నాను. చెప్తే ఏడుస్తుంది, అది ఏడిస్తే నాకు ఆయాసం ఎక్కువవుతుంది. పోయినేడు లారీ సంగతిలో నా మాట నెగ్గింది, ఆ భయం దాని మనసులోంచి పోవడం లేదు. నీ మాట వింటుంది. నువ్వొకసారి రాయి. కానీ కోప్పడి రాయకు. అది నా కోసమే చేస్తోంది. నాకేమైనా అయితే దానికి నువ్వొక్కడివే ఉన్నావు ఈ దేశంలో, అది నీకు మొహం చాటేసే పరిస్థితి రాకూడదు.

చెక్క కుర్చీలో వీపు నొప్పిగా ఉంది, అంతే. మిగతాది ఓర్చుకోగలను. ఏ మెట్టు బాగుందో పడుకుని చూశాక మళ్ళీ రాస్తాను.

మీ బావ,
రాధాకృష్ణ